కళ్ళు మూయని ప్రార్థన

నిరీక్షణరావు అయ్యగారిని ప్రశ్న అడిగినవాడు చెప్పులేసుకుని సిద్ధంగా ఉండాలని మా బైబిలు పాఠశాలలో అనుకునేవాళ్ళం. ఆయన వాదించరు. అడిగింది విని ఊరుకుని, తర్వాత అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి తీసుకువెళ్తారు. చావంటే భయంగా ఉందని చెప్పుకున్న ఒక కుర్రాణ్ణి కాన్పుల ఆసుపత్రికి తీసుకువెళ్ళి, సాయంత్రందాకా వరండాలో కూర్చోబెట్టి, వెనక్కి తీసుకొచ్చారు. దారిలో ఒక్క మాటా చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆమోసు అనే విద్యార్థికి ఎదురైన సంగతి. అతనే నాకు చెప్పాడు. తర్వాత ఎప్పుడో ఆ ఊరు వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళనీ అడిగాను. వాళ్ళు చెప్పిందీ ఇదే. కాకపోతే చెప్పేటప్పుడు వాళ్ళ గొంతులు వాటంతట అవే తగ్గిపోయేవి.

ఆమోసు నిష్ఠగల కుర్రాడు. చదువుకునే ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడే గ్రంథం తెరిచేవాడు. అతను ఒక ఉదయం అయ్యగారి దగ్గరికి వెళ్ళి అడిగాడు:

"అయ్యగారూ, మందిరంలోకి సెల్‌ఫోను రానివ్వొచ్చా?"

అడిగి ఊరుకోలేదు. అతని మనసులో చాలా ఉంది. "మొన్న భూస్థాపనకి వెళ్ళానండి. పెట్టె గోతిలోకి దించుతుంటే ఎవరి జేబులోనో సినిమా పాట మోగింది. వాక్యం ఫోనులోనే చదువుతున్నామంటారు, వేలు మాత్రం ఇంకెక్కడో తిరుగుతూ ఉంటుంది. బోధించే ఆయనే ప్రసంగం మధ్యలో తెర వంక చూసి నవ్వుకోవడం కళ్ళారా చూశాను. దేవుని సన్నిధిలో కూర్చుని మనిషి ఇంకెవరి సన్నిధిలోనో ఉంటే అది ఆరాధనేనా? నాకు సంఘం అప్పగించిన రోజున గుమ్మం దగ్గరే ఒక బుట్ట పెట్టిస్తానండి. ఫోను బుట్టలో, మనిషి లోపల."

అయ్యగారు తలూపారు. "నువ్వు చూసింది నిజమే," అన్నారు. "ఈ ఆదివారం పాతలంక వెళ్ళాలి. నువ్వూ రా," అన్నారు.

కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు పాయలుగా చీలిపోయే చోట పాతలంక ఉంది. పంటు మీద ఏరు దాటాలి. చేపల వేట మీద బతికే ఊరు. అక్కడి సంఘానికి సొంత పాస్టరు లేడు. నెలకొక ఆదివారం అయ్యగారు వెళ్ళి వాక్యం చెప్పి, ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చి వస్తారు. తక్కిన వారాలు సంఘ పెద్ద లాజరు ఆరాధన నడిపిస్తాడు. లాజరు వయసు మళ్ళిన మనిషి, మాట కరుకు, నడవడి శుభ్రం. ఆ ఊళ్ళో ఎవరికీ భయపడని మోతుబరులు కూడా ఆదివారం పూట లాజరు చూపుకి జడిసి చొక్కా గుండీలు సర్దుకునేవారు.

మందిరం గుమ్మం దగ్గర ఒక తాటాకు బుట్ట ఉంది. అందులో ఊరందరి ఫోన్లూ ఉన్నాయి. అది చూసి ఆమోసు మొహం విప్పారింది. తన ఫోను కూడా తీసి అందులో పెట్టి, లోపలికి అడుగు వేశాడు. వెనకనుంచి అయ్యగారి మాట వినిపించి ఆగాడు.

"లాజరూ, ఈ ఒక్కటీ లోపలికి తీసుకెళ్ళనియ్యి." అయ్యగారి చేతిలో ఆయన ఫోను ఉంది.

"ఎందుకండీ?"

"సలోమి కోసం."

లాజరు నొసలు ముడిచాడు. "సలోమికి ఫోనేంటండీ అయ్యగారూ? ఆమె ఏం వింటదని?"

"వినదు. చూస్తుంది."

సలోమి ఎవరో ఇక్కడ చెప్పాలి. ఆమెకి పుట్టుకతోనే వినికిడి లేదు. చిన్నప్పుడు చెవిటిపిల్లల బడిలో ఉండి చదువుకుంది. తల్లి చనిపోవడంతో చదువు మధ్యలోనే ఇంటికి తీసుకొచ్చేశారు. ఈడు రాగానే ఈ లంకకి కోడలుగా వచ్చింది. భర్త జ్వరంతో పోయాక వదిన కరుణమ్మ దగ్గరే ఉండిపోయింది. ప్రతి ఆదివారం అందరికన్నా ముందు వచ్చి, ఆడవాళ్ళ వైపు మొదటి చాప మీద కూర్చునేది. అందరూ లేస్తే లేచేది, కూర్చుంటే కూర్చునేది. ఊళ్ళో ఎవరూ ఆమెని తక్కువగా చూడలేదు. కూర వండితే గిన్నెలో పంపేవారు, జబ్బు చేస్తే చూసేవారు. కానీ ఆమెతో మాట్లాడినవాళ్ళు లేరు. అన్నం, నీళ్ళు, రా, పో, ఇలాంటి నాలుగు సైగలతోనే ఆమె బతుకంతా గడిచిపోతోంది.

ఒక్క విషయంలో మాత్రం ఆమె ఏటేటా పట్టుబట్టేది. సంఘంలో ఎవరికైనా బాప్తిస్మం ఇచ్చే రోజున అందరికన్నా ముందు రేవులో నిలబడి, నీళ్ళు చూపించి, తన గుండె చూపించుకునేది. పెద్దలు ఆమెని మెల్లగా పక్కకి తీసుకెళ్ళేవారు. ఇందులో లాజరుది మొండితనం కాదు. "ఏం నమ్ముతున్నదో మనకి తెలియాలి కదండీ," అనేవాడు. "ఒప్పుకోలు లేకుండా నీళ్ళలో ముంచితే అది స్నానం. బాప్తిస్మం ఎట్టా అవుద్ది?" బాప్తిస్మం లేదు గనక ప్రభువు బల్లలోనూ ఆమెకి పాలు లేదు. నెలనెలా రొట్టె పళ్ళెం ఆమె పక్కావిడ దాకా వచ్చి, ఆమెని దాటి, అటు పక్కావిడ దగ్గరికి వెళ్ళేది.

"పోయిన నెల పళ్ళెం దాటిపోయినప్పుడు ఆమె చేతులతో ఏదో అంది," అన్నారు అయ్యగారు లాజరుతో. "నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేవాళ్ళకోసం వెతికాను."

లాజరు పక్కకి తొలిగాడు. ఒప్పుకుని కాదు, అయ్యగారి మీద గౌరవంతో.

అయ్యగారు ఫోనుని ఒక స్టూలు మీద, డోలుకి ఆనించి, సలోమికి ఎదురుగా నిలబెట్టారు. తెర మీద ఒక యువతి కనిపించింది. పేరు హెప్సిబా. గుంటూరులో తన ఇంట్లో, తెల్లగోడ ముందు కూర్చుని ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ చెవిటివాళ్ళు కావడంతో నోటిమాట కన్నా ముందే ఆమెకి సైగ భాష వచ్చింది. చెవిటివాళ్ళు ఆసుపత్రికో కోర్టుకో వెళ్ళినప్పుడు అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడం ఆమె పని.

సలోమి ఫోను వంక మర్యాదగా చూసింది, ఎవరో పెళ్ళి ఫోటో చూపిస్తే చూసినట్టు. హెప్సిబా చేతులు జోడించి, విప్పి, ఏదో అంది. సలోమి కదలలేదు. హెప్సిబా మళ్ళీ అదే అంది, ఈసారి నెమ్మదిగా. ఆ పిల్ల మాట్లాడుతున్నది ఇంకెవరితోనో అనుకుని సలోమి ఫోను వెనక్కి తొంగి చూసింది. అక్కడ డోలు తప్ప ఎవరూ లేరు. మళ్ళీ తెర వంక చూసి, వేలితో తన గుండె తాకి, నాతోనా అన్నట్టు కనుబొమలు ఎత్తింది. హెప్సిబా తలూపింది.

అప్పుడు సలోమి కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. ఏదో మొదలుపెట్టి, మర్చిపోయి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదలుపెట్టింది. వేళ్ళు తడబడుతున్నాయి. చివరికి చూపుడువేలు బుగ్గ మీద సొట్ట పడేచోట ఆనించి చిన్నగా తిప్పింది. హెప్సిబా నవ్వి, తన బుగ్గ మీద అదే సైగ చేసింది. అంతే. సలోమి పమిట నోట్లో కుక్కుకుని, చాప మీద వంగిపోయి ఏడ్చింది.

ఆడవాళ్ళు కంగారుగా లేచారు. కరుణమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి, "ఏమన్నదండీ ఆ పిల్ల? ఏమన్నది మా సలోమిని?" అని అడిగింది.

"పేరు పెట్టి పిలిచింది," అన్నారు అయ్యగారు. చెవిటిపిల్లల బడుల్లో పిల్లలు ఒకళ్ళకొకళ్ళు సైగతో పేర్లు పెట్టుకుంటారు. బుగ్గసొట్ట పిల్ల అని సలోమికి అక్కడి నేస్తాలు పెట్టిన పేరు అది. బడి వదిలాక ఆ పేరుతో ఆమెని పిలిచినవాళ్ళు లేరు.

ఆరాధన మొదలైంది. ఆ రోజు అయ్యగారు జక్కయ్య కథ చెప్పారు. ప్రభువుని చూడాలని ఆశపడిన పొట్టి పన్నుల అధికారి, జనం అడ్డమై మేడిచెట్టు ఎక్కడం, ప్రభువు వచ్చి ఆ చెట్టు కిందే ఆగి తలెత్తడం. ఆ సంఘం వందసార్లు విన్న కథ. వెనక వరసలో కొందరు కునుకుతున్నారు కూడా. హెప్సిబా చేతులు అయ్యగారి మాట వెంటే కదులుతున్నాయి. సలోమి రెప్ప వేయకుండా చూస్తోంది. పెద్ద ఉద్యోగస్థుడు అంగీ ఎగదోపుకుని చెట్టెక్కే చోటికి వచ్చేసరికి సలోమి నవ్వింది. తన నవ్వు తనకి వినపడని మనిషి నవ్వు. అది మందిరమంతా మోగింది. కునికేవాళ్ళు ఉలిక్కిపడి లేచారు. ఆ కథలో నవ్వొచ్చే చోటు ఒకటుందని తనకి అప్పటిదాకా తెలియదని ఆమోసు నాతో అన్నాడు.

ప్రసంగం అయ్యాక, ప్రభువు బల్లకి ముందు, లాజరు లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఇంతదాకా వచ్చింది గనక నేనొక మాట అడుగుతాను. ఈ పిల్ల సలోమి చెప్పేది కూడా మనకి చెప్పుద్దా?"

"చెప్తానండి," అంది ఫోనులోంచి హెప్సిబా. "ఆమె చేతులతో అన్నది నా నోటితో అంటాను. నా మాట ఒక్కటి కూడా కలపను. నేను 'నేను' అన్నప్పుడల్లా అది సలోమిగారు అన్నట్టు."

లాజరు సలోమి వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో ఆమె వైపు తిరిగి ఒక పూర్తి మాట అనడం అదే మొదలు. "అమ్మా, యేసుప్రభువు ఎవరో నీకు తెలుసా?"

హెప్సిబా చేతులు కదిలాయి. సలోమి లేచి నిలబడింది. కుడిచేతి నడిమివేలితో ఎడమ అరచేతిని తాకింది. ఎడమచేతి నడిమివేలితో కుడి అరచేతిని తాకింది.

మందిరంలో చిన్న కలకలం. అది అందరికీ తెలిసిన అలవాటే. ప్రార్థన చేసేటప్పుడు సలోమి ఎప్పుడూ అలాగే అరచేతులు పొడుచుకుంటూ ఉంటుంది. ఉప్పునీళ్ళకి చేతులు పగిలి దురదేమో అనుకునేవారు. ఒకావిడ ఆమధ్య కొబ్బరినూనె కూడా ఇచ్చింది. పిల్లలు ఆడుకునేటప్పుడు సలోమిలా చెయ్యమంటే అదే చేసి నవ్వేవారు.

ఫోనులోంచి హెప్సిబా గొంతు వచ్చింది. "యేసు," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. "ఆ సైగకి అర్థం యేసు అండి," అని హెప్సిబా మళ్ళీ చెప్పింది. "మేకులు దిగిన చోటు. సైగ భాషలో ఆయన పేరు అలాగే అంటాం."

అన్నేళ్ళుగా, ప్రతి ఆదివారం, వాళ్ళ కళ్ళ ముందు, మొదటి చాప మీద కూర్చుని ఆ మనిషి ఆ పేరు పలుకుతూనే ఉంది. కొబ్బరినూనె ఇచ్చినావిడ తల మీద ముసుగు ముందుకి లాక్కుంది. అడగదలుచుకున్న రెండో ప్రశ్న లాజరు గొంతులోంచి మెల్లగా వచ్చింది.

"నీకు వాక్యం వినపడదు కదమ్మా. పాట వినపడదు. మరి ఇన్నేళ్ళూ ఇక్కడికి దేనికొస్తున్నావు?"

సలోమి చేతులు ఇప్పుడు తడబడడం లేదు. ఆమె చేతులు ముందు, హెప్సిబా గొంతు వెనక. కాసేపటికి జనం ఫోను వైపు చూడడం మానేసి ఆమె చేతుల వైపే చూడసాగారు.

"మీరు ప్రార్థనకి కళ్ళు మూసుకుంటారు. నేను మూసుకోను. మూసుకుంటే నాకిక ఏమీ మిగలదు, ఒంటరినైపోతాను. అందుకని తెరిచే ఉంచుతాను. మీ మొహాలు చూస్తాను. సంతలో మీ మొహాలు నాకు తెలుసు. పోట్లాడుకునేటప్పుడు తెలుసు. ఇక్కడ కళ్ళు మూసుకున్నాక ఆ మొహాలు కావు. ఎవరో దగ్గరికొచ్చి నిలబడితే మొహం మారుతుందే, అలా మారతాయి. బడిలో మా టీచరమ్మ ఆయన కథ చెప్పింది. ఆయన బతికే ఉన్నాడని చెప్పింది. అది నిజమని నాకు మీ మొహాల వల్ల తెలిసింది. ఇక్కడికి ఎవరో వస్తారు. నేను చూస్తాను."

సలోమి లాజరు వైపు తిరిగింది.

"పెద్దాయనా, మీ చిన్నోడు వేటకెళ్ళి రాలేదు. ఆ ఏడంతా మీరు ముందు నిలబడి అందరిచేతా ప్రార్థన చేయించారు. అందరి పెదాలూ కదిలేవి. మీ పెదాలు..."

గొంతు తెగిపోయింది. తెర మీద హెప్సిబా చేతులు గాల్లో ఆగిపోయాయి. లంకలో సిగ్నలు అంతే, వస్తుంది, పోతుంది. సలోమి ఇంకా చెబుతూనే ఉంది. చేతులు వేగంగా, మెత్తగా కదులుతున్నాయి. ఏం చెబుతోందో ఆ మందిరంలో ఒక్కరికీ తెలియదు.

అయ్యగారు లేవబోయారు. ఆయన కన్నా ముందు లాజరు స్టూలు దగ్గరికి వచ్చాడు. ఫోను తీసుకున్నాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రాలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. రాలేదు. మెట్లు దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా, ఎండలో కాలిపోతున్న ఇసకలో ఏటిగట్టు వైపు నడిచాడు. ఫోనుని తలకన్నా పైకెత్తి పట్టుకుని, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. "అమ్మాయ్! ఉన్నావా అమ్మాయ్?" అని దాన్ని అడుగుతున్నాడు. సంఘమంతా అతని వెనకే బయటికి వచ్చింది. సలోమిని కరుణమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

గట్టు మీద, పడవలు కట్టే రాటల దగ్గర, హెప్సిబా గొంతు మళ్ళీ వచ్చింది. "చెప్పండి, ఉన్నాను."

"నా పెదాలు," అన్నాడు లాజరు. "నా పెదాలు అన్నదమ్మా. అక్కడ ఆగిపోయింది. ఏమన్నదో అడుగు."

సలోమి మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

"మీ పెదాలు కదలలేదు. ఒక్కసారి కూడా కదలలేదు. మీరు కళ్ళు మూసుకుని ఊరికే నిలబడేవారు. ఎవరూ చూడలేదు, అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. నేను చూశాను. నేనూ అలాగే కదా, నాకూ నోరు రాదు. అందుకని ఆయన దగ్గర మీ బదులు నేను మాట్లాడాను. ప్రతి వారం. ఏం అడగాలో నాకు తెలియలేదు. ఈయన బాధపడుతున్నాడు, ఈయన దగ్గరికి రా అని అడిగాను. ఒక ఆదివారం మీ పెదాలు కదిలాయి. ఆ రోజు ఇంటికెళ్ళి పాయసం వండుకున్నాను. వదిన ఎందుకని అడిగింది. ఎలా చెప్పాలో తెలియలేదు."

కరుణమ్మ "అవునండీ," అని మాత్రం అంది. "అవునండీ. వండింది."

లాజరు ఎండలో నిలబడి ఉన్నాడు. ఆ ఏడు తాను దేవుడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదన్న సంగతి అతను భార్యకి కూడా చెప్పుకోలేదు. తానే వదిలేసిన ప్రార్థన తన పేరు మీద ఆగకుండా సాగిందని ఇప్పుడే తెలిసింది. అతను ఏడవలేదు. ఫోను అయ్యగారి చేతిలో పెట్టి, ఏటి వైపు చూశాడు.

"అయ్యగారూ, నీళ్ళు ఇక్కడే ఉన్నాయి," అన్నాడు. "ఆపడానికి నా దగ్గర ఇంక మాటలేం లేవండి."

సలోమికి ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. అప్పటికే రేవు మెట్లు దిగుతోంది. అయ్యగారు కండువా తీసి కరుణమ్మకి ఇచ్చి నీళ్ళలోకి దిగారు. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. అడిగేది సలోమికి కనిపించాలి, అంటే ఫోను కూడా నీళ్ళలోకి రావాలి. అయ్యగారి రెండు చేతులూ ఆమెకి కావాలి. లాజరు ఇంకా ఏటి వంకే చూస్తున్నాడు. అయ్యగారు గట్టు వైపు తిరిగి, "ఆమోసూ," అని పిలిచారు.

ఆమోసు ఫోను తీసుకున్నాడు. ఇస్త్రీ ప్యాంటుతో, బూట్లతో, ఛాతీలోతు నీళ్ళలోకి నడిచి, ఫోనుని రెండు చేతులతో తల కన్నా ఎత్తులో, తెర సలోమి వైపు ఉండేలా పట్టుకుని నిలబడ్డాడు. అడుగున బురద జారుతోంది. ఆటుపోటు లాగుతోంది. చేతులు మాత్రం కదపలేదు. "తెర నాకు కనిపించలేదు," అని నాతో అన్నాడు. "అటువైపు ఆ అమ్మాయి ఏం చేస్తోందో నాకు తెలియదు. నాకు కనిపించింది సలోమిగారి మొహం ఒక్కటే. అయ్యగారు వాక్యం పలుకుతున్నారు, అది నా తల మీదుగా వెళ్ళి ఆ మొహం మీద వాలుతోంది. ఒక్కొక్క మాటా వాలడం కనిపిస్తోంది. వాక్యం చదవడం చూశాను, చెప్పడం చూశాను. ఒక మనిషి దాన్ని అందుకోవడం అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కళ్ళు తిప్పుకోవాలనిపించింది, చూడకూడనిది చూస్తున్నట్టు. తిప్పుకోలేకపోయాను."

"సలోమీ," అన్నారు అయ్యగారు. అని, చూపుడువేలు తన బుగ్గ మీద ఆనించి తిప్పారు. "యేసుక్రీస్తుని నీ ప్రభువుగా నమ్ముతున్నావా?"

సలోమి అరచేతులు తాకింది. గుండె తాకింది. ఆమోసు తల పైనుంచి హెప్సిబా గొంతు వినిపించింది. "నమ్ముతున్నాను. చిన్నపిల్లప్పటినుంచీ."

అయ్యగారు ఆమెని వెనక్కి వంచి నీళ్ళలో ముంచి లేపారు. జుట్టులోంచి నీళ్ళు కారుతూ, మసక కళ్ళతో, ఆమె మొదట చూసింది గట్టు వైపు. అక్కడ సంఘమంతా పాట ఎత్తుకుంది. ఎత్తుకుని, రెండో పాదంలో ఆగిపోయింది. ఎవరికి పాడుతున్నారో గుర్తొచ్చి. అప్పుడు లాజరు మోకాళ్ళలోతు నీళ్ళలోకి వచ్చి, వల లాగి లాగి బండబారిన అరచేతిని ఎత్తి, రెండో చేతి చూపుడువేలితో తాకాడు.

సలోమి తల అడ్డంగా ఊపింది. నవ్వుతూ దగ్గరికి వెళ్ళి, అతని చూపుడువేలు మడిచి, నడిమివేలు తీసి, అరచేతి మధ్యలో ఆనించింది. ఇటు ఒకసారి. అటు ఒకసారి. గట్టు మీద ఆడవాళ్ళూ, మగవాళ్ళూ, పిల్లలూ తమ తమ వేళ్ళు చూసుకుని సరిచేసుకున్నారు. ఆ తర్వాత అక్కడ ఏ శబ్దమూ లేదు. గాలి, పడవలు రాటలకి తగిలే చప్పుడు, అంతే. నోటితో పలకకుండా అంతమంది ఒకేసారి ఆ పేరు పలకడం తానెక్కడా చూడలేదని, నీళ్ళ చలి కూడా తెలియలేదని ఆమోసు అన్నాడు.

తర్వాత అందరూ మందిరంలోకి వెళ్ళారు. రొట్టె పళ్ళెం లాజరే పట్టుకున్నాడు. మొదటి చాప దగ్గర వంగి, సలోమి తీసుకునేదాకా అక్కడే ఉన్నాడు. అయ్యగారు ప్రార్థనకి తల వంచమన్నప్పుడు చాలామంది తల వంచారు గానీ కళ్ళు మూసుకోలేదట. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారట.

మధ్యాహ్నం తిరుగు పంటు ఎక్కారు. అయ్యగారు అంచున కూర్చుని నీళ్ళ వంక చూస్తున్నారు. ఆమోసు బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. నడి ఏట్లోకి వచ్చాక అతను నోరు విప్పాడు.

"అయ్యగారూ, నా ప్రశ్న ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది. ఆ ఫోనే లేకపోతే సలోమిగారు ఇవాళ కూడా చెవిటిదిగానే మిగిలిపోయేది కదండీ."

అయ్యగారు తడిసిన పంచె అంచు పిండి, మోకాలి మీద పరుచుకున్నారు.

"ఆమె ఇప్పుడూ చెవిటిదే నాయనా," అన్నారు. "ఇవాళ వినికిడి వచ్చింది ఇంకెవరికో."